చెక్క విమానం – కట్టడం, కాపాడుకోవడం



మేము ఈ వసతి గృహంలో 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు ఉన్నాము. ఇప్పుడు మా వయసు 23. కడపలో ఎం.ఎస్సీ. ఫిజిక్సు పూర్తి చేసినాము. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కినది మేమే మొదలు. ఆదివారాలు వీలున్నప్పుడు వచ్చి 9, 10 తరగతుల వారికి లెక్కలు, సైన్సు చెప్పడం మాకు అలవాటు. ఈ వ్యాసం అట్లాంటి ఒక ఆదివారం నాడు పుట్టినది.

గత ఫిబ్రవరిలో, సైన్సు దినోత్సవానికి వారం ముందు, 9వ తరగతి తమ్ముళ్లు నలుగురు హాస్టలు వెనుక గోడ పక్కన ఏదో పని చేస్తూ కనిపించినారు. వెదురు బొంగులు, పాత ధోవతి, బైండింగు వైరు, ఒక పాత 100 సి.సి. బైకు ఇంజను! "ఏం రా ఇది?" అని అడిగితే "విమానం అన్నా. ఎర్రగుంట్ల రోడ్డు మీద లేపుతాం. ఫోనులో చూసినాం, ఎగిరింది" అన్నారు. మాకు నవ్వు రాలేదు. 2021 ఆగస్టులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 24 ఏండ్ల వెల్డరు ఒకాయన సొంతంగా హెలికాప్టరు చేసి, పరీక్షించే సమయంలో రెక్క విరిగి తలకు తగిలి చనిపోయినాడు. ఆయన బడి మధ్యలో మానేసినవాడు. పనిమంతుడే. ఆయన వయసుకు మా వయసుకు ఒక్క ఏడాదే తేడా.

వార్డెను గారు ఇంజను తీసి స్టోరు రూములో పెట్టించినారు. తమ్ముళ్ల ముఖాలు చిన్నబోయినాయి. అప్పుడు మేము మాట ఇచ్చినాము. "చెక్కతో విమానం ఎగురుతుందా అంటే ఎగురుతుంది. ఎట్లా కడతారో, ఎట్లా కాపాడుకుంటారో మొత్తం చదివి మీకు చెబుతాము. ఒక ముక్క మనమే కట్టి చూద్దాము. ఎగరడం మాత్రం వద్దు" అని. ఆ మాట చెల్లించడమే ఈ వ్యాసం.

చెక్క ఎందుకు?

విమానం అనగానే మనకు అల్యూమినియం గుర్తుకు వస్తుంది. కాని 1903 డిసెంబరు 17న రైటు సోదరులు ఎగిరిన విమానం స్ప్రూస్ అనే చెక్కతోను, నూలు గుడ్డతోను చేసినది. రెండో ప్రపంచ యుద్ధంలో అతి వేగంగా పోయే విమానాలలో ఒకటైన మస్కిటో చెక్కదే. దానిని 7,700కు పైగా కట్టినారు. విడి భాగాలు చేసిన వారిలో కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగులు ఎందరో ఉన్నారు. అదే యుద్ధకాలంలో హైదరాబాదు బేగంపేటలో మన కుర్రవాళ్లు విమానం నడపడం నేర్చుకున్నది టైగర్ మాత్ మీద. దాని ఒడలు ఉక్కు గొట్టాలు, రెక్కలు మాత్రం చెక్క, పైన గుడ్డ.

స్వతంత్రం వచ్చిన తరువాత ఢిల్లీలో పౌర విమానయాన శాఖ వారి సాంకేతిక కేంద్రంలో గ్లైడర్లు, అనగా ఇంజను లేని విమానాలు, తయారు చేసినారు. వాటి పేర్లు చూడండి: అశ్విని, భరణి, రోహిణి, కార్తీక్, రేవతి. మన అవ్వలు వేళ్ల మీద లెక్కపెట్టే నక్షత్రాలే! వీటిలో రోహిణి 1961లో మొదట ఎగిరింది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే చెక్క గ్లైడరు. దేశంలోని గ్లైడింగు క్లబ్బులలో ఎన్.సి.సి. పిల్లలు ఎందరో దాని మీద నేర్చుకున్నారు. కాబట్టి చెక్క విమానం మనకు ఎక్కడో ఉన్న వింత కాదు.

ఇంటి దగ్గర సొంతంగా కట్టుకునే విమానాల సంగతికి వస్తే అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్కు పేరు ముందు చెప్పాలి. మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అనే పల్లె ఆయనది. 1929లో ఫోర్డు కారు ఇంజను పెట్టి చెక్క విమానం ఎగరేసినాడు. రెక్క పొడవు సుమారు 29 అడుగులు, మనుషులతో కలిపి బరువు సుమారు 490 కిలోలు, ఇంజను 40 హార్సుపవరు. ఆయన గీసిన నక్షా పట్టుకుని ఈనాటికీ జనం ఆ విమానం కట్టుకుంటున్నారు. (మన తమ్ముళ్ల బైకు ఇంజను 8 హార్సుపవరు కూడా ఇవ్వదు. అది స్టోరు రూములోనే ఉండనివ్వండి.)

బలం అంటే ఏమిటి?

మన కొండల్లో దొరికే ఎర్రచందనం ఎంత గట్టిదో మీకు తెలుసు. మరి దానితో విమానం ఎందుకు చేయరు? 10 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల దిమ్మె కోసినామనుకోండి. నీళ్లయితే అది సరిగ్గా ఒక కిలో. ఎర్రచందనం దిమ్మె కిలోకు పైనే తూగుతుంది, నీళ్లలో మునుగుతుంది. టేకు సుమారు 650 గ్రాములు. స్ప్రూస్ సుమారు 430 గ్రాములు మాత్రమే. విమానానికి కావలసినది ఒట్టి బలం కాదు, బరువుకు తగిన బలం.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం. మీ చెక్క స్కేలును పడుకోబెట్టి రెండు పుస్తకాల మధ్య వంతెనలాగా పెట్టి నొక్కండి, వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి, వంగదు. చెక్క అదే, బరువు అదే. మందం రెట్టింపు అయితే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. తేలిక చెక్క అయితే అదే బరువులో ఎక్కువ మందం వస్తుంది కదా! అందుకే తేలిక చెక్క గెలుస్తుంది.

రెక్కలో పొడవునా పోయే రెండు దూలాలు ఉంటాయి. మన మిద్దె దూలాల మాదిరే. వీటిని స్పారు అంటారు. వాటికి అడ్డంగా, చేప ఆకారంలో ఉండే పలుచని చట్రాలు రిబ్బులు. ముందు అంచుకు పలుచని ప్లైవుడ్డు చుట్టి అతికిస్తారు. అప్పుడది గొట్టంలాగా మారి రెక్క మెలి తిరగకుండా పట్టుకుంటుంది. మిగతా భాగానికి గుడ్డ వేసి, అది బిగుసుకునేటట్లు మందు పూస్తారు.

ఇప్పుడు లెక్క వేద్దాము. 490 కిలోల విమానం తిన్నగా పోతే రెక్కలు మోసే బరువు 490 కిలోలు. కాని గాలి కుదుపులో, మలుపులో ఆ భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు చిన్న విమానాలకు 3.8 రెట్లు తట్టుకోవాలని నియమం. 490ని 3.8తో గుణిస్తే 1862 కిలోలు. 30 రిబ్బులు అనుకుంటే ఒక్కొక్కదానికి సుమారు 62 కిలోలు. ఆ పైన విరగకుండా ఉండడానికి ఇంకా ఒకటిన్నర రెట్లు చూసుకోవాలి, అంటే 93 కిలోలు. పెన్సిలు మందం పుల్లలతో చేసిన చట్రం ఒక పెద్ద మనిషి కంటే ఎక్కువ బరువు మోయాలన్న మాట! ఈ అంకె చెప్పగానే మన తమ్ముళ్లు వెదురు బొంగుల వైపు చూసినారు. మేము ఏమీ అనలేదు.

చెక్కను ఎంచడం

ఈ భాగం మేము పుస్తకంలో చదివినాము గాని, అర్థమైనది మా నాయన దగ్గర. మా నాయన ప్రొద్దుటూరులో ఒక సామిల్లులో రంపం దగ్గర ఇరవై ఏండ్లుగా కూలి. సంతకం మాత్రమే వచ్చు. విమానాల చెక్క గురించి నియమాలు మేము ఒక్కొక్కటే తెలుగులో చదివి వినిపిస్తే, ఆయన ప్రతిదానికీ "ఆ, అంతే గదా" అన్నాడు. అట్లా అన్నప్పుడల్లా మాకు కొంచెం సిగ్గు వేసింది. ఐదేండ్లు కాలేజీలో చదివి తెలుసుకున్నది ఇంట్లోనే ఉన్నది!

మొదటి నియమం నార. చెక్క నార పొడవునా తిన్నగా పోవాలి. 15 అంగుళాలు పోయేసరికి ఒక అంగుళానికి మించి పక్కకు జరగకూడదు. అంతకు మించి ఏటవాలుగా ఉంటే ఆ చెక్క ఎంత అందంగా ఉన్నా స్పారుకు పనికిరాదు. కంటితో చూస్తే మోసపోతాము. చెక్క మీద ఇంకు చుక్క వేయండి. ఇంకు నార వెంబడే పాకుతుంది. మా నాయన పద్ధతి వేరు. అంచున చిన్న పెడ్డ చీల్చి చూస్తాడు. చీలిక ఎటు పోతే నార అటు.

రెండవది, వయసు గీతలు. చెక్క కొనను చూస్తే ఏడాదికి ఒకటి చొప్పున గీతలు ఉంటాయి. స్ప్రూస్ అయితే అంగుళానికి 6 గీతల కంటే తక్కువ ఉండరాదు. తొందరగా పెరిగిన చెట్టు బలం తక్కువ. మూడవది, ముడులు. కొమ్మ మొలిచిన చోట నార చుట్టూ తిరిగి పోతుంది, అక్కడే విరుగుతుంది. నాలుగవది కంటికి సరిగా కనిపించనిది. చెట్టు కూలినప్పుడు బండ మీద పడితే లోపల నార నలిగి, అడ్డంగా వెంట్రుక మందం గీత పడుతుంది. బయటికి బాగుంటుంది, భారం పడగానే ముల్లంగి మాదిరి విరుగుతుంది. "ఇది ఎట్లా కనిపెడతావు నాయనా?" అని అడిగినాము. "చిత్రిక పట్టినాక ఎండకు ఏటవాలుగా పట్టి చూడల్ల. ఎలుతురు సూటిగా పడితే కనపడదు" అన్నాడు. విమాన తనిఖీ వారు టార్చిలైటును ఏటవాలుగా పట్టేది కూడా అందుకే.

ఇక తేమ. పచ్చి చెక్క బరువు, మెత్తన. ఎండితే ముడుచుకుంటుంది. విమానానికి చెక్కలో తేమ సుమారు 12 శాతం దగ్గర ఉండాలి. కొలవడం తేలిక. ఒక ముక్క తూచండి, 112 గ్రాములు అనుకోండి. 100 డిగ్రీలకు కాస్త పైన వేడిలో, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి, 100 గ్రాములు వచ్చింది. పోయిన 12 గ్రాములు నీరు. ఎండిన బరువులో అది 12 శాతం. మన హాస్టలు స్టడీ హాలు తలుపు కార్తీక మాసం వానలకు పట్టేస్తుంది, ఎండాకాలం వదులవుతుంది. దానికి నూనె పోసి లాభం లేదు. అది తేమను మింగుతూ, కక్కుతూ ఉన్నది. విమానం కూడా అంతే, తలుపు పట్టేస్తే కాలితో తంతాము, ఆకాశంలో తన్నడానికి వీలు లేదు.

ప్లైవుడ్డు సంగతి కూడా చెప్పాలి. అంగట్లో దొరికే ప్లైవుడ్డు లోపల ఖాళీలు, అతుకులు ఉంటాయి. విమానానికి వాడేది 1 మి.మీ., 1.5 మి.మీ. పలుచన, బర్చ్ వంటి చెక్కతో, ఖాళీలు లేకుండా చేసినది. మన దేశపు ఐ.ఎస్. ప్రమాణాలలో 710 నంబరు పడవల ప్లైవుడ్డుది. దాని పక్కనే 709 నంబరు విమానాల ప్లైవుడ్డుది. ప్రొద్దుటూరు అంగళ్లలో 710 అడిగితే ఇస్తారు. 709 అడిగితే అంగడాయన మమ్మల్ని ఎగాదిగా చూసినాడు.

జిగురు

చెక్క విమానంలో మేకులు పట్టుకునేది తక్కువ, జిగురే పట్టుకుంటుంది. చిన్న మేకులు జిగురు ఆరేదాకా చెక్కను నొక్కి ఉంచడానికి మాత్రమే.

పాతకాలపు వడ్రంగులు వాడిన వజ్రం పశువుల తోలు, ఎముకల నుండి వచ్చేది. తొలి విమానాలలో ఎక్కువగా పాల జిగురు వాడినారు. నవ్వకండి. పాలు విరిగితే వచ్చే గడ్డలో కేసీన్ అనే మాంసకృత్తు ఉంటుంది. దానిని ఎండబెట్టి పొడి చేసి, సున్నం కలిపితే గట్టి జిగురు అవుతుంది. కాని తేమలో బూజు పడుతుంది, కుళ్లుతుంది.

దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. మస్కిటో విమానాలు బర్మా యుద్ధం కోసం మన దేశానికి వచ్చినాయి. వాటిలో కొన్ని రెక్కలు ఊడి గాలిలోనే ముక్కలైనాయి. 1944 నవంబరులో ఇక్కడి మస్కిటోలను ఎగరకుండా ఆపేసినారు. ఎండలు, వానలు జిగురును తినేసినాయని కొందరు అన్నారు. తరువాత జరిగిన విచారణలో కొన్ని రెక్కలలో అతుకులే సరిగా కూర్చలేదని, జిగురు సరిగా పట్టలేదని తేలింది. వేడి, తేమ చేసినది ఎంత, చేతి పని లోపం ఎంత అని తరువాత కూడా వాదించుకున్నారు. మాకు తోచినది ఏమంటే, మంచి అతుకును వాతావరణం నెమ్మదిగా పరీక్షిస్తుంది, చెడ్డ అతుకును వెంటనే పట్టేస్తుంది.

ఆ తరువాత రసాయన జిగుళ్లు వచ్చినాయి. రిసార్సినాల్ అనేది ముదురు వంకాయ రంగులో ఉంటుంది. నీళ్లలో ఉడకబెట్టినా వదలదు. కాని రెండు చెక్కలూ సందు లేకుండా కలవాలి, బాగా నొక్కి బిగించాలి, 21 డిగ్రీల వేడి తగ్గకూడదు. చలి దేశాల వారికి ఇది కష్టం. మనకు డిసెంబరు మధ్యాహ్నం కూడా బాధ లేదు. ఎపాక్సీ అనేది రెండు సీసాల మందు. కొంచెం సందు ఉన్నా నింపుతుంది, గట్టిగా బిగించనక్కర లేదు. అందుకే ఇంట్లో కట్టుకునే వారు ఎక్కువగా దానిని వాడుతున్నారు. దానికి శత్రువు ఎండ. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలు పెడతాయి. కలమల్ల ఎండలో నల్ల బండ మీద చెప్పులు లేకుండా నిలబడినవానికి ఆ వేడి ఎంతో వేరే చెప్పనక్కర లేదు. అందుకే ఎపాక్సీతో అతికిన రెక్కలకు తెల్ల రంగు వేస్తారు.

జిగురు మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది? ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట, దయచేసి రెండుసార్లు చదవండి. జిగురు కలిపిన ప్రతిసారీ, అదే గిన్నెలోని జిగురుతో, అదే చెక్క ముక్కలు రెండు అతికించి, తేదీ వేసి పక్కన పెడతారు. ఆరిన తరువాత వాటిని విరగ్గొడతారు. చెక్క చీలి విరిగితే జిగురు మంచిది. అతుకు శుభ్రంగా ఊడి రెండు ముక్కలూ నున్నగా కనిపిస్తే, ఆ రోజు ఆ గిన్నెతో అతికినదంతా అనుమానమే. పని ఎంత అయినా సరే విప్పాలి.

స్పారు పొడవు చాలకపోతే అతుకు ఎట్లా వేస్తారు? రెండు కొనలను నిలువుగా కోసి కలిపితే నిలవదు, ఎందుకంటే కోసిన కొన జిగురును పీల్చేస్తుంది. కాబట్టి రెండింటినీ కలం పాళీ మాదిరి ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి వేస్తారు. అంగుళం మందానికి 10 నుండి 12 అంగుళాల ఏటవాలు. అప్పుడు జిగురు పట్టే చోటు పెరుగుతుంది, నార నారతో కలుస్తుంది.

మన రిబ్బులు

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయినాక మేము, ఆ నలుగురు తమ్ముళ్లు కలిసి రెండు రిబ్బులు కట్టినాము. చెక్క, ఫ్యాక్టరీలకు యంత్రాలు వచ్చే పెట్టెల పైన్ చెక్క. మా నాయన ఏరి, సామిల్లులో పుల్లలు కోయించి ఇచ్చినాడు. నేల మీద పాత బల్ల వేసి, దాని మీద కాగితంపై రిబ్బు ఆకారం గీసి, గీత వెంబడి మేకులు కొట్టి, ఆ మేకుల మధ్య పుల్లలు ఇమిడ్చి అతికించినాము. పుల్లలు కలిసే చోట ప్లైవుడ్డు బిళ్లలు.

మొదటి రిబ్బుకు బడిలో అందరూ వాడే తెల్ల జిగురు. బాగా ఆరినాక, స్పార్లు వచ్చే రెండు చోట్ల ఇటుకల మీద నిలిపి, ఇసుక సంచులు పొడవునా వేలాడదీసినాము. ఉదయం 7 గంటలకు 35 కిలోలు వేస్తే కదలలేదు. తమ్ముళ్లు కేకలు పెట్టినారు. "మళ్లీ మధ్యాహ్నం చూద్దాము" అని సంచులు అట్లే ఉంచి మిద్దె మీద ఎండలో వదిలినాము. 2 గంటలకు పోతే రిబ్బు ఒక పక్కకు ఒరిగి ఉన్నది. ఏ పుల్లా విరగలేదు. అతుకులు మైనం మాదిరి జారినాయి. తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుందని, ఎడతెగని భారానికి నెమ్మదిగా జారుతుందని పుస్తకంలో ఒక వాక్యమే రాసి ఉన్నది. దానిని మేము కంటితో చూసినాము. ఫోనులో చూపించే విమానం లేచిన ఆ ఒక్క నిమిషం ఉదయం 7 గంటల లాంటిది!

రెండవ రిబ్బుకు ఎపాక్సీ. మొదటి గిన్నె మా చేతిలోనే చెడిపోయింది. ఎక్కువ కలిపినాము, గిన్నెలో అది వేడెక్కి, పొగ వచ్చి, ఐదు నిమిషాలలో రాయి అయింది. రెండవసారి కొంచెం కొంచెంగా, వెడల్పు పళ్లెంలో కలిపినాము. ఈ రిబ్బు ఎండలో 70 కిలోలు మోసింది. 75వ కిలో వేస్తుండగా పై పుల్ల టప్పుమని విరిగింది. అతుకు దగ్గర కాదు, ఒక ముడి దగ్గర. మా నాయన ఏరినప్పుడు ఆ పుల్లను పక్కన పడేసినాడట. పుల్లలు చాలక తమ్ముడు ఒకడు దానిని మళ్లీ తెచ్చి పెట్టినాడు. వాడిని ఎవరూ తిట్టలేదు. వాడే వచ్చి చెప్పినాడు, అదే మేలు. 62 దాటినందుకు సంతోషం, 93కు చేరనందుకు అది విమానం రిబ్బు కాదు.

కాపాడుకోవడం

కట్టడం రెండు మూడేండ్లు, కాపాడడం విమానం ఉన్నన్నాళ్లు. మన కలమల్ల గుడిలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం 575 నాటిది, తెలుగులో మొదటి శాసనం అని పెద్దలు చెబుతారు. రాయి గనుక నిలిచింది. అదే నాటి తలుపు ఒక్కటైనా ఉన్నదా? చెక్కకు నీరు, పురుగు, బూజు మూడూ శత్రువులే.

చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే కుళ్లు పట్టుకుంటుంది. అందుకే రెక్కకు అడుగున చిన్న చిల్లులు పెడతారు, నీరు దిగిపోవడానికి. ఆ చిల్లులు మట్టితో పూడితే రెక్క లోపల నీటి తొట్టి అవుతుంది. తనిఖీలో మొట్టమొదట చూసేది వాటినే. కోసిన కొనలకు వార్నిషు రెండు మూడు పూతలు ఎక్కువ వేస్తారు. నీరు కొనల నుండే లోపలికి పోతుంది. బోల్టుల చుట్టూ నల్ల మరక, తుప్పు మరక కనిపిస్తే లోపల తడి ఉన్నట్లు.

తట్టి చూడడం ఒక విద్య. రూపాయి బిళ్లతోనో, చిన్న ప్లాస్టికు సుత్తితోనో ప్లైవుడ్డు మీద వరుసగా తడుతూ పోతారు. టక్ టక్ అంటే మంచిది. డబ్ అని బోలుగా పలికితే లోపల జిగురు వదిలినట్లు. కుండ కొనేటప్పుడు మన అమ్మలు చేసేది అదే. మూత తెరవగానే వాసన చూడడం కూడా తనిఖీలో భాగమే, బూజు వాసన కంటికంటే ముందు చెబుతుంది.

చెక్క ఫ్యాను, అదే ప్రొపెల్లరు, బోల్టుల బిగువు గురించి ఒక మాట. వానలకు చెక్క ఉబ్బితే బోల్టులు దానిని నలిపేస్తాయి. ఎండలకు చెక్క ముడుచుకుంటే బోల్టులు వదులవుతాయి. వదులైన ఫ్యాను కొంచెం కొంచెంగా కదిలి రాసుకుని, వేడెక్కి, చివరకు బోల్టులు తెగుతాయి. కాబట్టి ఋతువు మారినప్పుడల్లా కొలత పానాతో బిగువు చూడాలి. తడి ఆరిన మన గాలిలో ఇది మరీ ముఖ్యం. చేసిన ప్రతి పని తేదీతో పుస్తకంలో రాయాలి.

నక్షా తప్పయితే?

ఇంత చేసినా చాలదు. ఫ్రాన్సులో ఆంరీ మిన్యే అనే ఆయన 1933లో ఆకాశపు పేను అనే చిన్న చెక్క విమానం చేసినాడు. పెట్టె చేయగలిగినవాడు విమానం చేయగలడన్నంత ధీమాగా పుస్తకం రాసినాడు. వేలాది మంది కట్టడం మొదలు పెట్టినారు. చెక్క పని బాగానే చేసినారు. కాని విమానం ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే, ముందు రెక్క, వెనుక రెక్క ఒకదాని గాలిని ఒకటి చెడగొట్టి, పైకి లేవనిచ్చేది కాదు. పైలట్లు చనిపోయినారు. 1936లో ఫ్రాన్సు, ఇంగ్లండు వారు నిండు విమానాన్ని గాలి సొరంగంలో పెట్టి పరీక్షించి ఆ లోపం కనిపెట్టినారు. నిషేధాలు వచ్చినాయి. మిన్యే తరువాత దానిని సరిదిద్దుకున్నాడు. ఆ ముందు పోయినవారి ఉలి, చిత్రికలో ఏ లోపమూ లేదు.

ఇందుకే చట్టం ఉన్నది. మన దేశంలో విమానం ఏదైనా డి.జి.సి.ఎ. వారి దగ్గర రిజిస్టరు కావాలి. 1934 నాటి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. ముంబాయిలో పైలటు అమోల్ యాదవ్ గారు తమ ఇంటి మిద్దె మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టినారు, అది లోహపుది. 2016లో దానిని ప్రదర్శనలో పెట్టినారు. 2017లో రిజిస్ట్రేషను, 2019లో పరీక్షకు ఎగిరే అనుమతి వచ్చినాయి. కట్టడం కంటే కాగితం ఆలస్యమని మీకు కోపం రావచ్చు. మాకూ వచ్చింది. కాని విదేశాలలో కూడా రెక్కకు ప్లైవుడ్డు మూయకముందే వేరొకరికి లోపలంతా చూపించుకునే పద్ధతి ఉన్నది. మూసిన తరువాత ఎవరికీ కనిపించదు గనుక.

మన రెండవ రిబ్బును విరిగిన పుల్లతోనే స్టడీ హాలులో వేలాడదీసినాము. సెలవుల తరువాత తమ్ముళ్లు మూడవది మొదలు పెట్టినారు. మొన్న ఆదివారం మా నాయన మొదటిసారి హాస్టలుకు వచ్చినాడు. వార్డెను గారు కుర్చీ వేసినా కూర్చోలేదు. పుల్లల కట్ట విప్పి ఒక్కొక్కటే ఎండకు ఏటవాలుగా పట్టి చూసినాడు. 22 పుల్లలలో 5 పక్కన పెట్టినాడు. "ఇవి దేనికి పనికిరావు తాతా?" అని అడిగిన తమ్ముని చేతికి ఒకటి ఇచ్చి, వంచి చూడమన్నాడు. మిగిలిన 17తో పని నడుస్తున్నది. పైన్ చెక్క పెట్టెలు ఎవరి దగ్గరైనా ఉంటే, ముడులు లేనివి, వార్షికోత్సవం నాడు తెచ్చి ఇవ్వవలసిందిగా అన్నలను కోరుతున్నాము.